గాయాల మధ్య తర్వాతి మ్యాచ్‌కి సిద్ధం కావడం: కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు వారం రోజుల సమగ్ర మార్గదర్శి

శనివారం రాత్రి మ్యాచ్ ముగిసేసరికి, లైన్‌కి ఎడమ చివర నిలబడి దూసుకొచ్చేవాళ్లను ఆపే లెఫ్ట్ టాకిల్ చీలమండ వాచిపోయింది, ఎదుటివాళ్ల పాస్‌లను అడ్డుకునే మొదటి కార్నర్‌బ్యాక్‌కి తొడ వెనక కండరం పట్టేసింది, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ భుజం పైకి లేవడం లేదు. వచ్చే శనివారం మళ్లీ మ్యాచ్ ఉంది. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో అక్టోబరు వచ్చేసరికి చాలా జట్లది ఇదే పరిస్థితి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే సోమవారమే ఖాళీగా ఉన్న ఆటగాడిని పిలిపించి సంతకం చేయించుకోవచ్చు. కాలేజీలో ఆ వీలు లేదు. సీజన్ మధ్యలో వేరే కాలేజీ నుంచి ఎవరూ వచ్చి ఆడలేరు. ఆగస్టులో ఉన్నవాళ్లతోనే నవంబరు దాకా నెట్టుకురావాలి.

ఈ మార్గదర్శి చిన్న కాలేజీల్లో కోచింగ్ చేస్తున్నవాళ్ల కోసం, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గానో స్టూడెంట్ మేనేజర్‌గానో జట్టుతో తిరుగుతున్న మన పిల్లల కోసం, వారమంతా లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునే అభిమానుల కోసం. నేను గట్టిగా నమ్మేది ఒకటే: గాయపడినవాడు శనివారానికి కోలుకుంటాడేమోనని ఎదురుచూస్తూ వేసే ప్లాన్ కన్నా, నిలబడి ఉన్నవాళ్లకు తగ్గట్టు ఆటనే మార్చుకునే ప్లాన్ ఎప్పుడూ మెరుగు. ఆ మార్పు ఆదివారమే మొదలవ్వాలి.

మొదటి మెట్టు: ఆదివారం ఉదయం, డాక్టర్ గదిలో

మ్యాచ్ వేడిలో తెలియని నొప్పి తెల్లారాక తెలుస్తుంది. అందుకే శనివారం రాత్రి చేసిన పరీక్షతో సరిపెట్టుకోకూడదు. మ్యాచ్ ఆడిన ప్రతి ఒక్కరూ ఆదివారం ఉదయం, గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్ దగ్గరకు వచ్చి కనబడాలి. "నాకేం కాలేదు" అనేవాళ్లు కూడా రావాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు చోటు పోతుందన్న భయంతో నొప్పి దాచుకోవడం మామూలే. వాపును మాత్రం దాచలేడు.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఆటగాడు మళ్లీ ఎప్పుడు ఆడాలన్న నిర్ణయం టీమ్ డాక్టర్, అథ్లెటిక్ ట్రైనర్‌లది. దాన్ని కోచ్ ప్రశ్నించడానికి వీల్లేదు. నియమంగా ఉంది కాబట్టి పాటించడం ఒక ఎత్తు, దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం మరో ఎత్తు. కోచ్ ట్రైనర్ ఎదుట నిట్టూర్చినా అది ఒత్తిడే అవుతుంది. ట్రైనర్ "కాదు" అన్న క్షణమే ఆ పేరు పక్కన పెట్టి తర్వాతి పేరు మీదకు వెళ్లండి.

"శనివారం ఆడతాడా?" అన్న ప్రశ్నకు ఆదివారం ఎవరూ నిజాయితీగా సమాధానం చెప్పలేరు. కాబట్టి మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఈ వారం అతను ఏ పని చేయవచ్చు? ఏది చేయకూడదు? మనకు తేలేది ఏ రోజు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు మీదే వారం మొత్తం ఆధారపడుతుంది.

గాయాల స్వభావం కోచ్‌కి కూడా కొంత తెలిసి ఉండాలి, వైద్యం చేయడానికి కాదు, ఆశలు అదుపులో పెట్టుకోవడానికి. మోకాలి కీలును పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగితే ఆ ఆటగాడికి ఈ సీజన్ అయిపోయినట్టే. శస్త్రచికిత్స తర్వాత సుమారు తొమ్మిది నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మోకాలి లోపలి పక్కనుండే ఎంసీఎల్ కొద్దిగా సాగితే మాత్రం బ్రేస్ వేసుకుని వారం, రెండు వారాల్లో రావచ్చు. చీలమండ విషయంలో జాగ్రత్త. మామూలుగా మడత పడిన చీలమండకు టేపు చుట్టుకుని ఆ వారమే ఆడినవాళ్లున్నారు. అదే కాలి ఎముకలు రెండింటినీ కలిపి ఉంచే లిగమెంట్ దెబ్బతింటే, అంటే హై యాంకిల్ స్ప్రెయిన్ అయితే, వారాలు పడుతుంది. అతను నేరుగా పరుగెత్తగలిగినా పక్కకు తోసుకుంటూ అడుగు వేయలేడు. ముందు వరసలో తోపులాడే లైన్‌మన్‌కి ఆ అడుగే ప్రాణం.

తొడ వెనక కండరం, హామ్‌స్ట్రింగ్, అన్నిటికన్నా మోసం చేసే గాయం. బుధవారం బాగానే ఉందనిపిస్తుంది, శనివారం మొదటి పొడవాటి పరుగులోనే మళ్లీ పట్టేస్తుంది. పాస్ పట్టే రిసీవర్‌కి, కార్నర్‌బ్యాక్‌కి ఈ గాయమైతే నేను ఒక వారం అదనంగానే ఆపుతాను. తొందరపడి ఒక మ్యాచ్ ఆడించి నాలుగు మ్యాచ్‌లు పోగొట్టుకోవడం కన్నా అదే మేలు.

మెడ, భుజం మధ్య నరం లాగినట్టై చెయ్యి జివ్వుమనే స్టింగర్‌ని ఆటగాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. చేతిలో బలం పూర్తిగా వచ్చి, మెడ నొప్పి లేకుండా అన్ని వైపులా తిరిగితేనే డాక్టర్ అనుమతిస్తారు. రెండు చేతుల్లోనూ తిమ్మిరి ఉందంటే మాత్రం అది వెన్నుపాముకు సంబంధించినదని అనుమానించాలి. అప్పుడు మ్యాచ్ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

కంకషన్‌కి, అంటే దెబ్బకు మెదడు అదిరిన గాయానికి, బేరం లేదు. తలకు దెబ్బ తగిలి అనుమానం వస్తే ఆ రోజుకి అతని ఆట ముగిసింది. తర్వాత మెట్టు మెట్టుగా రావాలి: రోజువారీ పనులు, తేలికపాటి వ్యాయామం, తన పొజిషన్‌కి తగ్గ కదలికలు, ఒంటికి ఒళ్లు తగలని ప్రాక్టీస్, డాక్టర్ అనుమతి తర్వాత పూర్తి ప్రాక్టీస్, ఆపైన మ్యాచ్. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు పడుతుంది. లక్షణాలు తిరగబెడితే మళ్లీ వెనక్కి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటేనే తెలుస్తుంది, శనివారం కంకషన్ అయినవాడు వచ్చే శనివారం ఆడటం చాలా కష్టమని. అతన్ని ఆదివారమే జాబితాలోంచి తీసేయండి. క్లాసులకు తిరిగి వెళ్లడం కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది కాబట్టి, అకడమిక్ సలహాదారుకి అదే రోజు కబురు వెళ్లాలి.

ఇవన్నీ విన్నాక మూడు జాబితాలు రాయండి: ఆడలేరు, ఆడతారు, తెలియదు. మూడో జాబితాలో ఉన్నవాళ్లను ప్లాన్ కోసం మొదటి జాబితాలో ఉన్నట్టే లెక్కపెట్టండి. వాళ్లు తిరిగొస్తే అది లాభం. రాకపోతే నష్టం లేదు, ఎందుకంటే మీరు ఆ నష్టంతోనే వారమంతా ప్రాక్టీస్ చేశారు.

రెండో మెట్టు: ఆదివారం సాయంత్రం, డెప్త్ చార్ట్

ఒకడు పోతే వాడి వెనక ఉన్నవాడిని ముందుకు జరపడమే డెప్త్ చార్ట్ (ప్రతి చోటుకీ వరసగా పేర్లు రాసిన పట్టిక) పని అని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి ముందు తేల్చాల్సింది ఒకటుంది: ఒక గాయం ఎన్ని చోట్ల మార్పు తెస్తుంది? లెఫ్ట్ టాకిల్ లేడనుకోండి. రైట్ టాకిల్‌ని ఎడమకు తెచ్చి, టాకిల్ పక్కనుండే గార్డ్‌ని కుడి టాకిల్‌కి పంపి, కొత్తవాడిని గార్డ్‌గా పెట్టవచ్చు. అప్పుడు ఐదుగురు సమర్థులే మైదానంలో ఉంటారు, కానీ ముగ్గురు కొత్త చోట్ల ఉంటారు. లేదా రెండో లెఫ్ట్ టాకిల్‌నే దించి మిగతా నలుగురినీ కదపకుండా ఉంచవచ్చు. నేను దాదాపు ఎప్పుడూ రెండో దారే ఎంచుకుంటాను. ఆఫెన్సివ్ లైన్ బలం పక్కవాడి అడుగు ఎటు పడుతుందో చూడకుండానే తెలియడంలో ఉంది. ఒక రంధ్రం పూడ్చడానికి మూడు తవ్వకూడదు. రెండోవాడు మరీ చిన్నవాడు, ఎదుటివాళ్ల డిఫెన్సివ్ ఎండ్ మరీ గొప్పవాడు అయితే తప్ప ఈ లెక్క మారదు.

అందరూ మర్చిపోయేది స్పెషల్ టీమ్స్, అంటే బంతిని కాలితో తన్నే ప్లేలకు దిగే జట్లు. రెండో వరస లైన్‌బ్యాకర్ సాధారణంగా కికాఫ్ (ఆట మొదలుపెట్టే కిక్), కికాఫ్ రిటర్న్, పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు వదిలేయడం), పంట్ రిటర్న్ అన్నిటిలోనూ ఉంటాడు. అతను స్టార్టర్ అయితే, అంటే మొదటి జట్టులోకి వస్తే, ఆ నాలుగింటిలోనూ ఖాళీలు వస్తాయి. అలాగే ఉంచేస్తే మూడో క్వార్టర్‌కి అతనికి ఊపిరి అందదు. చాలా జట్లలో ఫీల్డ్ గోల్‌కి (గోల్ స్తంభాల మధ్యకు తన్నే కిక్‌కి) బంతి పట్టుకుని నిలబెట్టేది పంటరే. పంటర్ గాయపడితే హోల్డర్ కూడా పోయాడన్నమాట. కాబట్టి డెప్త్ చార్ట్ పక్కనే స్పెషల్ టీమ్స్ పట్టిక పెట్టుకుని గాయపడిన ప్రతి పేరునూ అందులో వెతికి కొట్టేయండి. పంట్ అడ్డుకోబడి మ్యాచ్ పోయాక ఈ పట్టిక తీయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

తర్వాత రెడ్‌షర్ట్ లెక్క, అంటే ఒక ఏడాదిని ఆటగాడి అర్హత ఏళ్లలోంచి తగ్గకుండా మిగల్చడం. 2018లో వచ్చిన నియమం ప్రకారం ఒక ఆటగాడు సీజన్‌లో నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది అర్హత కోల్పోడు. గాయాల వారాల్లో ఇది పెద్ద వరం, మొదటి ఏడాది కుర్రాడిని దించి చూడవచ్చు. అయితే ఇప్పటికే ఎన్ని మ్యాచ్‌లలో అడుగుపెట్టాడో ఖచ్చితంగా రాసుకోవాలి. మ్యాచ్ చివర్లో ఒక్క ప్లేకి దిగినా లెక్కలోకి వస్తుంది. నాలుగు దాటించాలనుకుంటే ముందు ఆ కుర్రాడితో, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. అతని అర్హతలో ఒక ఏడాది అతనిది, మీది కాదు.

జట్టులో అసలు మనిషే దొరకనప్పుడు క్యాంపస్‌లోనే వెతకాలి. 2020 నవంబరు 28న వాండర్‌బిల్ట్ జట్టుకు అదే జరిగింది. కోవిడ్ వల్ల కిక్కర్లు అందుబాటులో లేక, ఆ విశ్వవిద్యాలయ మహిళల సాకర్ జట్టు గోల్‌కీపర్ సారా ఫుల్లర్‌ని పిలిచారు. మిస్సోరి మీద రెండో హాఫ్ కికాఫ్ ఆమే చేసింది. డిసెంబరు 12న టెనెసీ మీద రెండు ఎక్స్‌ట్రా పాయింట్లు (టచ్‌డౌన్ తర్వాతి కిక్‌లు) కూడా కొట్టింది. ఆ చోటుకు కావలసిన ఒక్క నైపుణ్యం ఎవరి దగ్గర ఉందో చూశారు, అంతే.

మూడో మెట్టు: సోమవారం, గేమ్ ప్లాన్‌ని కత్తిరించడం

వారం మొత్తంలో ఎక్కువ ఆలోచన పెట్టాల్సిన చోటు ఇదే.

ముందు లెఫ్ట్ టాకిల్ లేని జట్టు సంగతి. కొత్త టాకిల్‌ని ఎదుటివాళ్ల మేటి రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకొచ్చేవాడు) ముందు ఒంటరిగా నిలబెట్టి, క్వార్టర్‌బ్యాక్‌ని ఏడు అడుగులు వెనక్కి వెళ్లి ఆగి చూడమంటే అది ఆటగాళ్ల తప్పు కాదు, ప్లాన్ తప్పు. అతని పక్కన, అడ్డుకోవడమూ పాస్ పట్టడమూ వచ్చిన టైట్ ఎండ్‌ని పెట్టండి. లేదా బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్, పాస్ అందుకునే రూట్‌కి పోతూ ఆ రషర్‌కి ఒక భుజం తగిలించి వెళ్లాలి. లైన్ మొత్తాన్ని అటువైపు జరిపే ప్రొటెక్షన్ వాడండి. మూడు అడుగుల్లో బంతి వదిలే పాస్‌లు, రషర్ ఉత్సాహాన్నే అతని మీదకు తిప్పే స్క్రీన్‌లు (దూసుకొచ్చేవాళ్ల వెనక వేసే చిన్న పాస్‌లు), డ్రాలు (పాస్‌లా మొదలై పరుగుగా మారేవి), క్వార్టర్‌బ్యాక్‌ని కుడివైపు పరిగెత్తించే రోల్‌అవుట్‌లు పెంచండి. వీటన్నిటికన్నా ముఖ్యం మొదటి, రెండో డౌన్లలో (పది యార్డులు జరగడానికి ఉండే నాలుగు ప్రయత్నాలే డౌన్లు) కాస్తో కూస్తో ముందుకు జరగడం. మూడో డౌన్‌లో రెండు యార్డులు కావాలంటే రషర్‌కి రన్ భయం ఉంటుంది. పన్నెండు కావాలంటే అతను కళ్లు మూసుకుని దూసుకొస్తాడు. టాకిల్‌ని కాపాడేది చివరికి మొదటి డౌన్ పిలుపే.

కార్నర్‌బ్యాక్ లేకపోతే డిఫెన్స్ వైపు ఇలాంటి లెక్కే. కొత్తవాడిని మ్యాన్ కవరేజ్‌లో (ఒక రిసీవర్‌ని ఒంటరిగా కాసేలా) వదిలి బ్లిట్జ్ పంపడం (అదనపు మనుషులను క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకించడం) సాహసం. అందరికన్నా వెనక కాపలా ఉండే సేఫ్టీ తోడుండే జోన్ (మనిషిని కాక చోటును కాసే పద్ధతి) ఆడించండి, పొడవాటి పాస్‌ని మూసేయండి, ముందు చిన్న పాస్‌లు ఇచ్చినా సరే. ఎదుటి కోచ్ మొదటి పది ప్లేలలోనే అతన్ని పరీక్షిస్తాడు. అది ముందే తెలుసు కాబట్టి, మొదటి రెండు సిరీస్‌లలో అతని వైపు సాయం పెట్టి, ఎదుటివాళ్లు అటు విసరాలనుకున్న చోటే ఉచ్చు పన్నవచ్చు.

కిక్కర్ గాయపడితే గేమ్ ప్లాన్ మారదని చాలామంది అనుకుంటారు. బాగా మారుతుంది. మీ కొత్త కిక్కర్ 35 యార్డుల అవతల నమ్మదగ్గవాడు కాకపోతే, ఎదుటి 30 యార్డుల గీత దగ్గర నాలుగో డౌన్ ఇక కిక్ డౌన్ కాదు. అంటే అక్కడ మూడో డౌన్‌లో కూడా రన్ పిలవవచ్చు, ఇంకో డౌన్ చేతిలో ఉంది కాబట్టి. ఈ నిర్ణయాలు శనివారం గందరగోళంలో కాకుండా సోమవారం ప్రశాంతంగా కాగితం మీద పెట్టుకోవాలి.

ఇక క్వార్టర్‌బ్యాక్. రెండోవాడు దిగుతున్నప్పుడు కోచ్‌లు చేసే పెద్ద పొరపాటు, మొదటివాడి ప్లాన్‌నే కొంచెం తగ్గించి ఇవ్వడం. అది ఎవరికీ సరిపోదు. కొత్త కుర్రాడిని కూర్చోబెట్టి, పిలవబోయే ప్లేలు రాసిన కాల్ షీట్ చేతికిచ్చి, "కళ్లు మూసుకుని పిలిచినా ఆడగలిగేవి గీత పెట్టు" అనండి. అతను గీత పెట్టినవాటితోనే మొదటి 15 ప్లేలు రాయండి. గీత పెట్టనివి ఎంత అందమైనవైనా చించేయండి. ఈ వారం 90 ప్లేలు అరకొరగా వచ్చిన జట్టు కన్నా 40 ప్లేలు నిద్రలో లేపినా చెప్పగలిగే జట్టు నయం.

దీనికి 2014 ఒహాయో స్టేట్‌ని మించిన ఉదాహరణ దొరకదు. ఆగస్టులో మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్టన్ మిల్లర్ భుజం పోయింది. నవంబరు చివర్లో మిషిగన్ మీద రెండోవాడు జే.టీ. బారెట్ చీలమండ విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్ జీవితంలో మొదటి స్టార్ట్ చేసింది బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) ఛాంపియన్‌షిప్‌లో, విస్కాన్సిన్ మీద. 59-0తో గెలిచారు. తర్వాత అలబామాని 42-35తో, 2015 జనవరి 12న ఫైనల్‌లో ఒరెగాన్‌ని 42-20తో ఓడించి జాతీయ ఛాంపియన్లయ్యారు. జోన్స్‌ని బారెట్‌లా ఆడమనలేదు. అతనికున్నది తుపాకీ లాంటి చెయ్యి, కాబట్టి దూరం విసిరించారు. రన్నింగ్ బ్యాక్ ఎజికియెల్ ఎలియట్‌కి బంతి ఇచ్చి పరిగెత్తించారు. ఆ మూడు మ్యాచ్‌లలోనూ ఎలియట్ 200 యార్డులు దాటాడు.

గెలవడానికి ఎప్పుడూ అంత మెరుపు అక్కర్లేదు. 2023లో ఫ్లోరిడా స్టేట్ తన మొదటి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ లేకుండా ఏసీసీ కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వచ్చింది. మొదటి ఏడాది కుర్రాడు బ్రాక్ గ్లెన్ మొదటిసారి స్టార్ట్ చేశాడు. డిఫెన్స్ లూయివిల్‌ని ఆరు పాయింట్ల దగ్గర కట్టేసింది, 16-6తో ట్రోఫీ వచ్చింది. మీ జట్టులో ఆరోగ్యంగా ఉన్న సగం ఏదో చూసి, మ్యాచ్‌ని ఆ సగం చేతిలో పెట్టాలి. అవసరమైతే గడియారాన్ని నెమ్మదిగా నడిపించండి, నాలుగో డౌన్‌లో పంట్ చేయడానికి సిగ్గుపడకండి.

నాలుగో మెట్టు: మంగళ, బుధవారాల ప్రాక్టీస్

సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు గంటలు మించి ఆటగాళ్ల సమయం తీసుకోకూడదన్నది ఎన్‌సీఏఏ నియమం. వారానికి ఒక రోజు సెలవు తప్పనిసరి. మ్యాచ్ రోజు ఎంతసేపు గడిచినా మూడు గంటలుగా లెక్కేస్తారు. గాయానికి చేయించుకునే చికిత్స ఈ లెక్కలోకి రాదు. కొత్తవాళ్లకు ఎక్కువ నేర్పాలి, అదనపు గంటలు లేవు. అందుకే ఎవరికి ఎన్ని రిపిటిషన్లు (ప్లేని చేసి చూసే అవకాశాలు) అన్నదే ఈ రెండు రోజుల అసలు ప్రశ్న.

కొత్త స్టార్టర్‌కి మంగళవారం నుంచే మొదటి జట్టు రిపిటిషన్లన్నీ ఇవ్వండి. గాయపడినవాడు బుధవారం వస్తాడేమోనని సగం సగం పంచితే ఇద్దరూ సిద్ధం కారు. మూడోవాడిని కూడా గాలికి వదలకండి. ఈ వారం అతను ఒక్క ప్లే దూరంలో ఉన్నాడు.

సెంటర్, క్వార్టర్‌బ్యాక్‌లలో ఎవరు మారినా స్నాప్‌కి (లైన్ మధ్యలోని సెంటర్ బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందించడానికి) విడిగా సమయం పెట్టండి. టీవీలో చూసేవాళ్లకు ఇది కనబడనే కనబడదు. క్వార్టర్‌బ్యాక్ దూరంగా వెనక నిలబడే షాట్‌గన్‌లో బంతి సుమారు ఐదు యార్డులు వెనక్కి రావాలి, క్వార్టర్‌బ్యాక్ పొట్టకీ ఛాతీకీ మధ్య. ఓ అడుగు తక్కువ ఎత్తులో వస్తే అతని కళ్లు డిఫెన్స్‌ని వదిలి నేల మీదకు పోతాయి. ఆ అర క్షణంలో సేఫ్టీ ఎటు తిరిగాడో చూడలేకపోతాడు, అక్కడి నుంచి ప్లే అంతా ఆలస్యమే. ఎడమచేతివాటం క్వార్టర్‌బ్యాక్ దిగుతుంటే బంతి కుట్లు చేతికి అందే తీరు మారుతుంది. సెంటర్‌గా మారిన గార్డ్ అయితే స్నాప్ మీద ధ్యాస పెట్టి మొదటి అడుగు మర్చిపోతాడు, లేదా అడుగు మీద ధ్యాసతో బంతిని ఎత్తుగా విసిరేస్తాడు. అందుకని ముందు ఎదురుగా ఎవరూ లేకుండా, తర్వాత ఎదురుగా మనిషిని నిలబెట్టి, చివరికి బంతిని నీళ్లలో ముంచి చేయించండి. స్టేడియం హోరులో మాట వినబడదు కాబట్టి కాలు లేపడం లాంటి సైగతో చేసే నిశ్శబ్ద కౌంట్ కూడా ఇక్కడే స్థిరపడాలి. కిక్‌ల కోసం బంతిని వెనక్కి పంపే లాంగ్ స్నాపర్ గాయపడితే ఇదంతా మరింత కష్టం, పంట్‌కి బంతి సుమారు 15 యార్డులు ప్రయాణించాలి.

స్కౌట్ టీమ్ అంటే ఎదుటి జట్టులా నటించి మనవాళ్లకు ప్రాక్టీస్ ఇచ్చేవాళ్లు. గాయాలు పెరిగితే వాళ్లలో మంచివాళ్లు పైకి వెళ్లిపోతారు, ప్రాక్టీస్ నాణ్యత పడిపోతుంది. అలాంటప్పుడు పదకొండు మంది మీద పదకొండు మంది ఆడే భాగాన్ని తగ్గించి, ఏడుగురి మీద ఏడుగురి పాస్ ప్రాక్టీస్, సగం లైన్‌తో రన్ ప్రాక్టీస్ పెంచండి.

మిగిలిన ఆరోగ్యవంతుల కాళ్లను కాపాడడం కూడా అంతే ముఖ్యం. ఆరుగురు రిసీవర్లు పరిగెత్తాల్సిన రూట్లు నలుగురే పరిగెత్తితే, వారం తిరిగేలోపు ఇంకో హామ్‌స్ట్రింగ్ గాయం వస్తుంది. గాయాలు గుంపుగా రావడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. వాళ్ల షర్టుల్లో జీపీఎస్ పరికరాలుంటే పరుగు దూరం రోజూ చూడండి. లేకపోతే స్టూడెంట్ మేనేజర్‌కి ఒక కాగితమిచ్చి రూట్లు లెక్కపెట్టించండి, ఒక హద్దు దాటగానే కుర్రాడిని పక్కన కూర్చోబెట్టండి. పలచబడిన పొజిషన్లలో టాకిల్ చేసి నేలకు పడేయడం ఈ వారం వద్దు.

గాయపడినవాళ్లను గదుల్లో వదిలేయకండి. ఊతకర్రలతో ఉన్నా సరే మీటింగుకి రావాలి. గాయపడిన టాకిల్‌కి ఎదుటి రషర్ వీడియో మొదట చూపించి, అందులో తనకు కనబడింది కొత్తవాడికి చెప్పమనండి. కోచ్ చెబితే పాఠంలా ఉంటుంది. అదే చోట ఆడినవాడు "వీడు లోపలికి తిరిగే ముందు బయటి చెయ్యి దించుతాడు, చూడు" అంటే గుర్తుండిపోతుంది. సీజన్ పోయినవాడికి ఒంటరితనం తొందరగా కమ్ముకుంటుంది. పని అప్పగించడం ఒక మందైతే, కాలేజీ కౌన్సెలర్ దగ్గరకు దారి చూపించడం రెండోది.

ఐదో మెట్టు: బయటికి ఏం చెప్పాలి

ఆటగాడి వైద్య వివరాలు అతని సొంతం. అతను ఒప్పుకోకుండా ఏ గాయమో ఎవరికీ చెప్పకూడదు, సరదాగా స్నేహితుడికి పెట్టే మెసేజ్‌లో కూడా. బెట్టింగ్ పెరిగాక ఈ సమాచారానికి ధర పలుకుతోంది. ఆటగాళ్లకు, స్టూడెంట్ మేనేజర్లకు ఈ మాట ప్రతి వారం గుర్తుచేయాలి. ఆ ఒత్తిడి తగ్గించడానికే కాన్ఫరెన్స్‌లు అధికారిక అందుబాటు నివేదికలు తెచ్చాయి. బిగ్ టెన్ 2023లో మ్యాచ్‌కి రెండు గంటల ముందు ఇచ్చే నివేదిక మొదలుపెట్టింది. ఎస్ఈసీ అనే మరో కాన్ఫరెన్స్ 2024 నుంచి తన కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు బుధవారం రాత్రి నుంచే అడుగుతోంది, రోజూ మార్చాలి, చివరిది ఆట మొదలయ్యే 90 నిమిషాల ముందు. తప్పితే జరిమానా 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. నివేదిక పంపే బాధ్యత ఒక్కరికే అప్పగించండి.

ఆరో మెట్టు: గురు, శుక్రవారాల్లో తేల్చేయడం

"తెలియదు" జాబితాకి గురువారం మధ్యాహ్నాన్ని గడువుగా పెట్టండి. అప్పటికి డాక్టర్ అనుమతితో పూర్తి వేగంతో ప్రాక్టీస్ చేయనివాడు శనివారం స్టార్ట్ చేయడు. కొందరు అనుభవజ్ఞులకు మినహాయింపు ఇవ్వాలనిపిస్తుంది, నాలుగో ఏడాది సెంటర్ లాంటివాడికి ఇస్తే ఇవ్వవచ్చు కూడా. హామ్‌స్ట్రింగ్ గాయమున్నవాడికి మాత్రం వద్దు.

ట్రైనర్ చేయించే పరీక్ష ఆ పొజిషన్‌కి సంబంధించినదై ఉండాలి. టాకిల్‌ని నేరుగా పరిగెత్తించి ఉపయోగం లేదు. ఒక చెయ్యి నేలకు ఆనించి వంగే మూడు పాయింట్ల భంగిమలోంచి లేచి, వెనక్కి జారుతూ, బరువైన మనిషి తోపుని గాయపడిన కాలి మీదే ఆపగలడా అన్నది చూడాలి. చెయ్యి విరిగిన డిఫెన్సివ్ లైన్‌మన్ మెత్తటి కట్టుతో ఆడగలడు. అదే కట్టుతో రిసీవర్ ఆడలేడు. నొప్పి మందులతో పరీక్ష నెగ్గడం అసలు నెగ్గడం కాదు.

శుక్రవారం ప్రయాణమైతే కాన్ఫరెన్స్ నియమం అనుమతించినంతమందినే తీసుకెళ్లగలరు. సందేహంలో ఉన్న స్టార్టర్ కోసం ఒక సీటు ఖర్చు పెట్టడమా, స్పెషల్ టీమ్స్‌లో పనికొచ్చే ఇద్దరిలో ఒకరిని తీసుకెళ్లడమా అంటే నేను రెండోవైపే మొగ్గుతాను.

ఎక్విప్‌మెంట్ మేనేజర్‌తో పది నిమిషాలు కూర్చోండి. ఆఫెన్సివ్ లైన్‌లో ఐదుగురి నంబర్లు 50 నుంచి 79 లోపు ఉండాలి. అత్యవసరంలో టైట్ ఎండ్‌నో డిఫెన్సివ్ లైన్‌మన్‌నో అక్కడ దించాల్సి వస్తే సరైన నంబరుతో అతని సైజు జెర్సీ సిద్ధంగా ఉండాలి, మార్చినప్పుడు రిఫరీకి చెప్పాలి. 2024 నుంచి డివిజన్ వన్‌లో పై స్థాయి అయిన ఎఫ్‌బీఎస్ జట్లలో కోచ్ మాట వినిపించే హెల్మెట్లు వచ్చాయి, ప్లే మొదలుపెట్టడానికి గడువు చూపే ప్లే గడియారం 15 సెకన్లకు రాగానే ఆ మాట ఆగిపోతుంది. రెండో, మూడో క్వార్టర్‌బ్యాక్‌ల హెల్మెట్లలో కూడా ఆ పరికరం పెట్టి, ధ్వని పరీక్షించారా? కొత్త కుర్రాడికి ప్లేని తొందరగా, తక్కువ మాటల్లో పంపడం ప్లే కాలర్ కూడా ప్రాక్టీస్ చేయాలి. చేతికి కట్టుకునే ప్లే పట్టీ ఉంటే ఇంకా మంచిది.

ఏడో మెట్టు: శనివారం

వార్మప్‌లో ఆఖరి నిర్ణయం ట్రైనర్‌ది. ఆట మొదలయ్యాక మళ్లీ గాయాలవుతాయి, అందుకే ప్రతి చోటుకీ మూడో పేరు రాసిన కార్డు ఒక అసిస్టెంట్ మెడలో వేలాడాలి. పొజిషన్ కోచ్‌లు ఆ కార్డు చూసే మనిషిని పంపాలి, గుర్తున్నవాడిని కాదు.

హెల్మెట్ ఊడిపోతే ఆ ఆటగాడు ఒక ప్లే బయట ఉండాలన్న నియమం చిన్నదిగా కనిపిస్తుంది. 2024 డిసెంబరు 7న ఎస్ఈసీ ఫైనల్‌లో జార్జియాకి అదే ఎదురైంది. మొదటి హాఫ్ చివర్లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ మోచేయి దెబ్బతింది, రెండో హాఫ్‌లో గన్నర్ స్టాక్టన్ ఆడాడు. ఓవర్‌టైమ్‌లో స్టాక్టన్ హెల్మెట్ ఊడిపోయింది. టెక్సస్ గోల్ గీత ముందు, మ్యాచ్ తేలిపోయే ఒక్క ప్లేకి మనిషి కావాలి. విసరలేని చేత్తో బెక్ దిగి, బంతిని రన్నింగ్ బ్యాక్ ట్రెవర్ ఎటియెన్ చేతిలో పెట్టాడు. ఎటియెన్ టచ్‌డౌన్ చేశాడు, 22-19. మీ కాల్ షీట్‌లో ఒక మూల ఇలాంటి రెండు మూడు ప్లేలు ఉండాలి: ఎవరు దిగినా నడిచేవి, విసరడం అక్కర్లేనివి.

గాయపడి నేల మీద ఉన్న ఆటగాడిని వెంటనే లేవమని ఎవరూ సైగ చేయకూడదు. 2025 నుంచి, బంతిని తర్వాతి ప్లేకి పెట్టాక వైద్యులు లోపలికి రావాల్సి వస్తే ఆ జట్టు ఒక టైమ్‌అవుట్ కోల్పోతుంది, అవి అయిపోతే ఐదు యార్డుల పెనాల్టీ. నటించి గడియారం ఆపేవాళ్ల కోసం తెచ్చిన నియమమిది. నిజంగా దెబ్బ తగిలినవాడు టైమ్‌అవుట్ పోతుందని కుంటుకుంటూ లేచి నిలబడే ప్రమాదం ఇందులో ఉంది. టైమ్‌అవుట్ పోయినా ఫర్వాలేదు, కదలకుండా పడుకోమని గురువారమే చెప్పండి.

హాఫ్‌టైమ్‌లో కొత్త స్టార్టర్లను అడగాల్సింది ఏం కష్టంగా ఉందని కాదు, ఏది సులువుగా నడుస్తోందని. దాన్నే మూడో క్వార్టర్‌లో ముందు పిలవండి.

మ్యాచ్ ముగిశాక ఎవరు ఎన్ని స్నాప్‌లు ఆడారో రాసుకోండి. మొదటిసారి 70 స్నాప్‌లు ఆడిన కుర్రాడు మామూలుగా కనిపించినా ఆదివారం ఉదయం ట్రైనర్ బల్ల మీద మొదట ఉండాల్సింది అతనే. తర్వాత క్యాలెండర్ తెరవండి. మ్యాచ్ లేని బై వీక్ ఒక్క మ్యాచ్ దూరంలోనే ఉంటే, హామ్‌స్ట్రింగ్ కార్నర్‌బ్యాక్‌ని, చీలమండ టాకిల్‌ని ఆ ఒక్కటీ కూడా ఆపి పూర్తిగా కోలుకోనివ్వడం మంచిది. ఆ మాట వాళ్లిద్దరికీ ఆదివారమే చెప్పేయండి, వారమంతా ఆశతో ట్రైనర్ ముఖం చూస్తూ గడపకుండా.